నమ్మకం ఉంటే లెక్కెందుకు అంటున్నాడు

ప్రశ్న: నమస్తే సార్. నేనూ, నేను ‘అన్నా’ అని పిలిచే ఒక పాత సహోద్యోగీ కలిసి మూడేళ్లుగా ఆఫీసు కుర్చీలు తయారుచేసి షాపులకు వేస్తున్నాం. తయారీ పని నాది, అమ్మకాలూ డబ్బూ ఆయనవి. నాకు లెక్కలు రావు, చిన్నప్పటి నుంచీ భయం. కుర్చీకి సామానూ కూలీ కలిపి 700 పడుతుంది, 1,000కి అమ్మేవాళ్లం. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు 48,000. నెలకు 200 కుర్చీలు పోయేవి, డబ్బు చేతిలో పడ్డాకే సరుకు ఇచ్చేవాళ్లం. ఆరు నెలల కిందట అన్న అందరికీ 10 శాతం తగ్గించి, పైగా 60 రోజుల అరువు మొదలుపెట్టాడు. మొదట ‘పాత స్టాకు కదలాలి’ అన్నాడు. స్టాకు అయిపోయాక ‘పోటీవాళ్లు ఇస్తున్నారు’ అన్నాడు. ఇప్పుడు ‘మార్కెట్లో మన పేరు నిలబడాలి’ అంటున్నాడు. ‘మన లాభం 43 శాతం, అందులో 10 పోయినా 33 ఉంటుంది’ అని ధైర్యం చెబుతాడు. అమ్మకం 260కి పెరిగిన మాట నిజమే. కానీ అరువు కోసం 4,60,000 అప్పు తెచ్చాం, నూటికి నెలకు 2 వడ్డీ. నెలాఖరున నేనే జేబులోంచి ఐదు వేలు వేయాల్సి వస్తోంది. లెక్క చూద్దామంటే, ‘ఏం తమ్ముడూ, నా మీద నమ్మకం పోయిందా?’ అని ముఖం చిన్నబుచ్చుకుంటాడు. షాపుల వాళ్ల దగ్గర ఏమైనా కమీషన్ తింటున్నాడా? అసలు ఆయన మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి? లెక్కలు రాని నాలాంటివాడు ఏం చేయాలి? ఇంకో మాట. వచ్చే వారం రెండో షెడ్‌కి అడ్వాన్స్ కడదామంటున్నాడు, దాని అద్దె నెలకు 20,000. – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం మొదటిసారి మామూలుగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. లెక్కలు రావని రెండుచోట్ల రాశారు. అదే ఉత్తరంలో ఒక వ్యాపారం లెక్క కట్టడానికి కావలసిన అంకెలన్నీ ఒక్కటి కూడా వదలకుండా వరుసగా పెట్టారు. లెక్కలు రానివాళ్లు ఇలా రాయరు. వాళ్లు ‘చాలా ఖర్చవుతోంది, బాగానే అమ్ముతున్నాం’ అని రాస్తారు. మీరు అంకెలన్నీ పోగేసి, కూడేముందు ఆగిపోయారు. ఎందుకు ఆగారో తర్వాత చూద్దాం. ముందు ఆ లెక్క కట్టేద్దాం. బడిలో నేర్పిన నాలుగు ప్రక్రియలు దాటి ఏమీ అక్కర్లేదు.

పాత పద్ధతిలో కుర్చీ మీద మిగిలేది 300. 200 కుర్చీలకు 60,000. అద్దెకూ జీతాలకూ 48,000 పోతే 12,000 మిగిలేది. ఇద్దరు మనుషులకు అది తక్కువే. ఇంకా సంపాదించాలని మీ అన్నకు అనిపించడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు కుర్చీ 900. తయారీ ఖర్చు మాత్రం అదే 700. మిగిలేది 200. 260 కుర్చీలకు 52,000. 48,000 తీసేస్తే 4,000. అంటే అమ్మకం 2,00,000 నుంచి 2,34,000కి ఎక్కింది, లాభం మూడో వంతుకు దిగింది. పని మాత్రం 60 కుర్చీలంత పెరిగింది. ఆ పని మీదే కాబట్టి ఆ సంగతి మీ నడుముకు తెలిసే ఉంటుంది.

ఇంకా వడ్డీ కలపలేదు. అప్పు సరిగ్గా 4,60,000 ఎందుకైందో ఎప్పుడైనా ఆలోచించారా? నెలకు 260 కుర్చీల సామానూ కూలీ 1,82,000, పై ఖర్చులు 48,000, మొత్తం 2,30,000. అరువు మొదలుపెట్టిన రోజు నుంచి 60 రోజుల దాకా ఎవరూ డబ్బు ఇవ్వరు. కాబట్టి రెండు నెలల ఖర్చు మీరే పెట్టుకోవాలి. రెండు 2,30,000లు, 4,60,000. ఈ అప్పు ఒక్కసారి తెచ్చి తీర్చేసేది కాదని గమనించండి. పాత బాకీ వచ్చేసరికి కొత్త సరుకు అరువు మీద వెళ్లిపోయి ఉంటుంది. ఈ పద్ధతి నడిచినన్నాళ్లూ ఆ డబ్బు షాపుల వాళ్ల దగ్గరే తిరుగుతుంది, వడ్డీ మీరు కడతారు. నెలకు 9,200. ‘నూటికి రెండే కదా’ అనిపిస్తుంది గానీ, ఏడాదికి అది 24. వడ్డీ కట్టలేక అసలులో కలుపుకుంటూ పోతే దాదాపు 27.

4,000 లోంచి 9,200 తీసేయండి. నెలకు 5,200 నష్టం. జేబులోంచి ఐదు వేలు వేస్తున్నానన్నారే, ఇదిగో, అది ఇదే. మీ జేబు ఈ లెక్క ఎప్పుడో కట్టేసింది.

ఇప్పుడు ఆ ‘43లో 10 పోతే 33’ సంగతి. ఇది వినడానికి ఎంత బాగుంటుందంటే, చదువుకున్నవాళ్లు కూడా తలూపేస్తారు. లాభశాతం మనకు కొన్న వెల మీద కట్టడం నేర్పారు. 700 మీద 300, అంటే 43 శాతం. తగ్గింపు మాత్రం అమ్మే వెల మీద కడతాం. 1,000లో 10 శాతం, అంటే 100. ఒకటి 700లో శాతం, ఇంకొకటి 1,000లో శాతం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం అంటే మూరల్లోంచి జానలు తీసేసినట్టు. శాతాలు వదిలేసి కుర్చీ మీద మిగిలే డబ్బు చూస్తే మోసపోవడం కష్టం. 300 మిగిలేచోట 200 మిగులుతోంది. మీరు వదులుకున్నది లాభంలో మూడో వంతు. ఎవరైనా శాతం చెబితే ‘దేంట్లో?’ అని ఒక్క మాట అడగండి. వ్యాపారంలో నాకు తెలిసినంతలో ఇంతకు మించి పనికొచ్చే ప్రశ్న లేదు.

ఇంకో భాగహారం కూడా చేసేద్దాం. నెలనెలా తప్పని ఖర్చును, ఒక్కో వస్తువు మీద మిగిలేదానితో భాగిస్తే ఎన్ని అమ్మితే గట్టున పడతామో తెలుస్తుంది. పాత పద్ధతిలో 48,000ని 300తో భాగిస్తే 160. మీరు 200 అమ్మేవారు, 40 కుర్చీల వెసులుబాటు ఉండేది. ఇప్పుడు వడ్డీతో కలిపి ఖర్చు 57,200. 200తో భాగిస్తే 286. మీరు అమ్ముతున్నది 260. ఇంకో 26 అమ్మితేనే సున్నా దగ్గరికి వస్తారు. నిజానికి ఎక్కువ అమ్మితే అరువూ పెరుగుతుంది, దాంతో అప్పూ పెరుగుతుంది, అంచేత 286 కూడా కొంచెం తక్కువ చెప్పినట్టే. ఈ మధ్యలో ఒక్క షాపువాడు ఒక్క కుర్చీ డబ్బు ఎగ్గొడితే, ఆ 700 ఖర్చు పూడ్చుకోవడానికి ఇంకో మూడున్నర కుర్చీలు అమ్మాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ఆయన మనసులో ఏముంది?

నాకు తెలియదు. అది సరే, ఆయనకు కూడా పూర్తిగా తెలుసని నేననుకోను. రిచర్డ్ నిస్బెట్, టిమొతీ విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో ఒక చిన్న పరీక్ష ఉంది. బల్ల మీద నాలుగు జతల మేజోళ్లు వరుసగా పెట్టి, వచ్చేపోయేవాళ్లను ఏది బాగుందని అడిగారు. కుడివైపు జతలకే మొగ్గు కనిపించింది, అందులోనూ కుడి చివరి జతకు మరీ ఎక్కువ. ఎందుకు నచ్చిందంటే నాణ్యత గురించి చెప్పారు. ఏ వరుసలో పెట్టామన్నది ఏమైనా పనిచేసిందా అని అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. నాలుగు జతలూ ఒక్కలాంటివే. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. కారణం అడిగారు కాబట్టి, నమ్మదగ్గ కారణం ఒకటి అప్పటికప్పుడు అల్లి, దాన్ని తామే ముందు నమ్మారు. మేజోళ్ల దగ్గరే ఇలా ఉంటే, పరువూ డబ్బూ ముడిపడ్డ చోట మనం చెప్పుకునే కారణాల సంగతి వేరే చెప్పాలా?

మీ అన్న చెప్పిన మాటల్నే వరుసలో పెట్టి చూడండి. మొదట స్టాకు కదలాలన్నాడు. స్టాకు కదిలింది, తగ్గింపు ఆగలేదు. తర్వాత పోటీవాళ్లు, తర్వాత పేరు. కారణాలు మూడు మారాయి, చేసే పని ఒక్కటే. ఎక్కడైనా ఇలా కనబడితే, చెప్పని కారణం ఇంకేదో ఉందని నేను అనుమానిస్తాను. స్టాకు కోసమే తగ్గించి ఉంటే స్టాకుతోపాటే తగ్గింపూ అయిపోయేది.

ఆ చెప్పని కారణం ఏమై ఉంటుంది? నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. అమ్మకం పదిమందికి చెప్పుకోగలిగేది. ‘నెలకు 260 వేస్తున్నాం, అన్ని షాపుల్లో మన సరుకే’ అంటే ఎదుటివాడి ముఖంలో గౌరవం కనిపిస్తుంది. ‘నెలకు 12,000 మిగులుతోంది’ అని ఎవరూ చెప్పుకోరు. పైగా అరువిచ్చేవాడికి ఎక్కడికెళ్లినా మర్యాదే. కుర్చీ వేస్తారు, ‘అన్నగారు’ అంటారు. డబ్బు ముందు పెట్టమనేవాడికి ఆ మర్యాద ఉండదు. ఆయన ఆ మర్యాదను కొనుక్కుంటున్నాడు, బిల్లు మీ ఇద్దరి వ్యాపారం కడుతోంది. ఇది ఆయనకు తెలిసి చేస్తున్నాడంటే నేను నమ్మను. ముందు మనల్ని మనం నమ్మించుకుంటే ఎదుటివాళ్లను నమ్మించడం తేలికవుతుందని జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ 1976లోనే రాశాడు. తెలిసి అబద్ధమాడేవాడి గొంతు తడబడుతుంది. మీ అన్న గొంతు తడబడటం లేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో ఆయన చెప్పేదంతా నిజం.

ఇది ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, నేనూ చేశాను కాబట్టి. ఒకప్పుడు నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. ఒక పెద్దమనిషి వచ్చి నా పనిని తెగ మెచ్చుకునేవాడు, ఇంత శ్రద్ధగా పని చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అనేవాడు. ఆయనకు ప్రతిసారీ కాస్త తగ్గించేవాణ్ని. అడిగితే ‘పెద్ద పార్టీ, మున్ముందు పనికొస్తాడు’ అనేవాణ్ని. ఏడాది చివర ఒక సాయంత్రం ఊరికే కూర్చుని ఒక్కో కస్టమర్ మీద ఎంత మిగిలిందో రాసుకుంటూ పోయాను. నా మొత్తం పట్టికలో నష్టం వచ్చింది ఆయన ఒక్కడి దగ్గరే. కాగితం ఖర్చు కూడా రాలేదు. పొగడ్తకు డబ్బిస్తున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ కాగితం నేను ఎవరికీ చూపించలేదు, ఇదే మొదటిసారి చెప్పడం.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను, కోప్పడకండి. అన్న మనసులో ఏముందో వెతికే ముందు, లెక్క కూడకుండా ఆగిన చోట మీ మనసులో ఏముందో చూడాలి. చిన్నప్పటి భయం కొంత నిజమే కావచ్చు. కానీ ఆ భయం వల్ల మీకు ఒక సౌకర్యం కూడా ఉంది. లాభం వస్తే ఇద్దరిదీ. నష్టం వస్తే లెక్కలు చూసింది ఆయన. కూడితే తెలిసిపోతుంది, తెలిస్తే మాట్లాడాలి, మాట్లాడితే ‘అన్న’తో చెడుతుంది. కూడకపోతే నెలకు ఐదు వేలతో పోతుంది. ఇన్ని నెలలుగా మీరు కడుతున్న ఆ ఐదు వేలు, గొడవ పడకుండా ఉండటానికి కడుతున్న రుసుం. ఆయన మర్యాద కొనుక్కుంటే మీరు ప్రశాంతత కొనుక్కుంటున్నారు. ఇద్దరూ ఒకే గల్లాపెట్టెలోంచి.

కమీషన్ అనుమానం గురించి. దాన్ని మనసులో నానబెట్టకండి, అలాగని నోటితోనూ అనకండి. కాగితం మీద చూడండి. షాపుల పేర్లు ఒక వరుసలో రాయండి. ఎదురుగా ఎంత తగ్గించారు, డబ్బు నిజంగా ఎన్ని రోజులకు వచ్చింది అన్న రెండు అంకెలు వేయండి. అందరికీ ఒకేలా ఉంటే, దురాశ కన్నా ధారాళమే ఎక్కువని అనుకోవచ్చు. ఒకటి రెండు షాపులకు మాత్రం ఎక్కువ తగ్గించి, పైగా డబ్బు 90 రోజులకో 100 రోజులకో వస్తుంటే, అప్పుడు అడగాల్సిన ప్రశ్న మీ దగ్గర ఉంటుంది. అదీ ‘తింటున్నావా?’ అని కాదు, ‘ఈ ఇద్దరికే ఎందుకన్నా?’ అని. నిజమైన కారణం ఉంటే వెంటనే వస్తుంది. అయినా ఇది రుజువు కాదు. దారి చూపుతుంది, అంతే.

‘నమ్మకం పోయిందా?’ అన్న మాటకు మీ దగ్గర జవాబు లేకపోవడమే మిమ్మల్ని కట్టేసిందనిపిస్తోంది. నమ్మకం లేనివాళ్లు అసలు భాగస్వాములే అవ్వరు కదా. లెక్క రాసుకునేది నమ్మకం ఉన్నవాళ్లే. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే సన్యాసి వ్యాపారుల పద్దు పద్ధతిని అచ్చు పుస్తకంలో పెట్టాడు. ప్రతి పద్దూ రెండు చోట్ల రాయాలి, చివర రెండు వైపులా సరిపోవాలి. తప్పు ఎవరిదన్న వాదన లేకుండా, ఎక్కడో తప్పు జరిగిందని చాలావరకు దానంతటదే బయటపడే ఏర్పాటు అది. ఐదు వందల ఏళ్లు దాటినా ప్రపంచమంతా అదే వాడుతోంది. మీకు కావలసింది అలాంటిదే. ఆయన ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది తేల్చకుండానే పని జరిగిపోవాలి.

ఈ వారం కుదిరిన రోజు, పని అయ్యాక, ఆయన ఎవరితోనూ ఫోన్లో లేనప్పుడు కూర్చోబెట్టండి. షాపుల వాళ్ల ముందు వద్దు, ఇంట్లోవాళ్ల ముందు అసలే వద్దు. ‘నువ్వు తగ్గించడం వల్ల నష్టపోతున్నాం’ అని మొదలుపెడితే ఆ సంభాషణ అక్కడితో సరి. ‘అన్నా, నేను నెలకు ఐదు వేలు వేస్తున్నాను, అది ఎక్కడికి పోతోందో నాకు అర్థం కావట్లేదు, ఒకసారి నేర్పు’ అనండి. ఇది నటన కాదు, నిజంగానే మీరు నేర్చుకోవాలి. పైన నేను వేసిన లెక్కనే ఆయన నోటి నుంచి చెప్పించండి. ఒక్కో కుర్చీ మీద ఎంత మిగులుతోంది, నెలకు తప్పని ఖర్చు ఎంత, వడ్డీ ఎంత. ‘43లో 10’ దగ్గర ఆయన ఆగకపోతే, ‘అన్నా, 43 దేంట్లో?’ అని అడగండి.

తర్వాత ఒక ప్రశ్న వేయండి. ‘ఏం జరిగితే ఈ తగ్గింపు ఆపేద్దాం?’ ఆయన ఒక అంకె చెబితే, అంటే మూడు నెలల్లో 350 దాటకపోతే ఆపేద్దామనో మరోటో అంటే, ఆయన వ్యాపారమే చేస్తున్నాడు, తప్పయినా సరే దిద్దుకోవచ్చు. ఏం జరిగినా ఆపనంటే, ఆయన పట్టుకున్నది ఇంకేదో. ఇదే ప్రశ్న మీకూ వేసుకోండి: ఎంత నష్టం దాకా నోరు మూసుకుంటాను? అంకె రాసిపెట్టుకోండి.

ఆయన పరువుకు దారి కూడా మీరే ఉంచాలి. తగ్గింపూ అరువూ రెండూ వద్దు, ఒకటే ఉంచుదామనండి. నాకైతే నగదు ఇచ్చేవాళ్లకు 5 శాతం తగ్గింపు నచ్చుతుంది. కుర్చీ మీద 250 మిగులుతుంది, 240 అమ్మితే పాత 12,000 వచ్చేస్తుంది, పాత బాకీలు వసూలయ్యేకొద్దీ వడ్డీ కూడా పోతుంది. 260లో 20 పోయినా ఫర్వాలేదన్నమాట. అరువు కావాలన్న షాపుకు పూర్తి ధర. అంతకన్నా ఎక్కువ ఎవరికైనా ఇవ్వాలంటే ఇద్దరి సంతకాలు. అప్పుడు షాపువాడితో ‘నేనిద్దును గానీ, మా తమ్ముడు ఒప్పుకోడు’ అనే వీలు ఆయనకు దొరుకుతుంది. చెడ్డపేరు మీ మీదికి వస్తుంది, దానికి సిద్ధపడండి. అమ్మకాల సంఖ్య బోర్డు మీద రాసే అలవాటు ఉంటే దాని పక్కన చేతికొచ్చిన డబ్బు కూడా రాయండి. మనిషి దేన్ని రోజూ చూస్తాడో దాన్నే పెంచుతాడు.

ఇవన్నీ చేసినా ఆయన పుస్తకం తెరవనంటే, ఒక నెల ఆగండి. ఆ తర్వాత డబ్బు మీ జేబులోంచి వేయడం ఆపేయండి. గల్లాపెట్టెలో ఆ ఐదు వేల లోటు కనబడిన రోజు లెక్క గురించి మాట్లాడేది ఆయనే.

షెడ్ సంగతి మిగిలింది. అడ్వాన్స్ అప్పుడే కట్టకండి. 57,200కు కొత్త అద్దె 20,000 కలిపి, 200తో భాగించాలి. వచ్చే అంకె నేను ఇక్కడ రాయను. మీరూ అన్నకు చెప్పకండి. కాలిక్యులేటర్ ఆయన చేతికే ఇవ్వండి.